స్టాప్‌వాచీ పట్టుకుని కట్టిన పాటలు

పింక్ ఫ్లాయిడ్ అనగానే మన మిత్రులలో చాలామందికి 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' గుర్తుకు వస్తుంది. నాకూ అంతే. అక్కడినుండి వెనక్కి నడిచి 1969 నాటి 'మోర్' విన్నప్పుడు, మొదటిసారి సగంలోనే ఆపేశాను. ఒక పాటకూ మరొక పాటకూ పొత్తు కుదరదు. పిట్టల కూతలతో మెల్లగా మొదలైన రికార్డు రెండో పాటకే గొంతు చించుకుని అరుస్తుంది. ఇది అతుకుల బొంత అని తీర్పు చెప్పి పక్కన పెట్టాను. ఆ రికార్డు పుట్టిన పరిస్థితులు తెలిశాక ఆ తీర్పును ఉపసంహరించుకోక తప్పలేదు.

1968 ఏప్రిల్‌లో సిడ్ బారెట్ బృందాన్ని విడిచినట్లు ప్రకటించారు. తొలి ఆల్బమ్‌లోని పాటలలో అధికభాగం అతడివే. పాటలు కట్టేవాడే లేకుండాపోయాక రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్, కొత్తగా చేరిన డేవిడ్ గిల్మర్ — ఈ నలుగురూ తామెవరో తామే వెతుక్కోవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే బార్బే ష్రోడర్ తన తొలి చలనచిత్రానికి సంగీతం అడిగాడు. ఐబిజా ద్వీపంలో హెరాయిన్‌కు బానిసలయ్యే ఒక జంట కథ అది.

ష్రోడర్ కోరిక విచిత్రమైనది. మనకు రీరికార్డింగు అంటే సన్నివేశం వెనుక మోగే వాద్యగోష్ఠి. అతడికి అది అక్కరలేదు. పాత్రలు బార్‌లో ఉంటే అక్కడి రేడియోలో, విందులో ఉంటే ఆ విందులో మోగే సంగీతమే కావాలి. డబ్బింగు థియేటరుకు డబ్బు లేదు. బృందంవారు సినిమా చూస్తూ స్టాప్‌వాచీతో సన్నివేశాల నిడివి కొలుచుకుని, లండన్‌లోని పై స్టూడియోలో కూర్చుని కొద్దిరోజుల్లోనే పని ముగించారు. మొదటి రెండు ఆల్బమ్‌ల నిర్మాత నార్మన్ స్మిత్ ఈసారి పక్కన లేడు, నిర్మాతలూ తామే.

అతుకులకు కారణం ఇదన్నమాట! ఒక్కో సన్నివేశం ఒక్కో వేషం అడిగింది. 'ద నైల్ సాంగ్' ఆ బృందం చేసిన అతి కరకు పాటలలో ఒకటి. 'గ్రీన్ ఈజ్ ద కలర్'లో మేసన్ భార్య లిండీ ఊదిన చిన్న పిల్లనగ్రోవి వినబడుతుంది. బ్లూసు ఉంది, స్పానిష్ గిటారు ఉంది (ఇది కొంచెం వేళాకోళంగానే ఉంటుంది). 'క్విక్‌సిల్వర్' ఏడు నిమిషాలు దాటి సాగుతుంది; దానిని మొత్తం విన్నానని ప్రమాణం చేయలేను.

నన్ను ఆపినవి వాటర్స్ ఒక్కడే రాసిన అయిదు పాటలు. బారెట్ చమత్కారాన్ని అనుకరించే ప్రయత్నం వాటిలో లేదు. వాటిలో చాలావాటికి మాటలు తక్కువ, నడక నెమ్మది. గానమంతా గిల్మర్‌దే. 'సింబలైన్'లోని పీడకల, ఆ అలసిన గొంతు విన్నాక, తరువాతి పింక్ ఫ్లాయిడ్ అప్పటికే ఆ గదిలోకి వచ్చి కూర్చున్నదనిపించింది.

ఆల్బమ్ బ్రిటన్‌లో తొమ్మిదో స్థానం దాకా వెళ్ళింది. 1972లో అదే ష్రోడర్ 'లా వాలే' చిత్రం కోసం ఫ్రాన్సులో 'అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్' చేశారు. ఈ రెంటి నడుమ అంతోనియోని 'జబ్రిస్కీ పాయింట్' ఉంది. దానికోసం రైట్ పియానోమీద కట్టిన ఒక వరసను అంతోనియోని వద్దన్నాడు. మూడేళ్ళు మూలన పడి ఉన్న ఆ వరసకే వాటర్స్ మాటలు రాశాడు. మనమంతా 'అస్ అండ్ దెమ్' అని వింటున్నది దానినే.