రేవు స్తంభం మీది అంకె

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, టీవీ తెర అడుగున అంకెలు పరుగెడతాయి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, గంగవరం, కాకినాడ రేవుల్లో రెండో నంబరు ప్రమాద హెచ్చరిక అంటారు. మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నంలో మూడో నంబరు అంటారు. అంకె పెరిగితే గండం పెరిగిందనీ, తగ్గితే గట్టెక్కామనీ చూసేవాళ్లు లెక్క వేసుకుంటారు.

ఆ లెక్క సగమే నిజం. అయిదు, ఆరు, ఏడు నంబర్ల మధ్య తుఫాను తీవ్రతలో తేడా ఏమీ లేదు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే. పదకొండో నంబరైతే తుఫాను బలాన్ని చెప్పనే చెప్పదు. ఇలా ఎందుకుందో తెలియాలంటే ఈ అంకెలు ఎవరి కోసం పుట్టాయో చూడాలి. ఇవి ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి కోసం పుట్టినవి కావు, తెప్ప వేసుకుని వేటకు పోయేవాడి కోసమూ కావు. రేవులో లంగరు వేసి, బయల్దేరాలా ఆగాలా అని ఆలోచిస్తున్న ఓడ కెప్టెన్ కోసం పుట్టాయి. మన కోస్తాలో గాలి హెచ్చరికల చరిత్ర అంతా కెప్టెన్ కోసం మొదలైన మాట మత్స్యకారుడి దాకా రావడానికి పట్టిన కాలమే అనిపిస్తుంది నాకు.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో తుఫాను గురించి ముందుగా చెప్పగలిగినవాళ్లు లేరు. వచ్చిపోయాక నావికుల దినచర్య పుస్తకాలు తిరగేసి, ఏ గంటకు గాలి ఎటునుంచి వీచిందో గుదిగుచ్చడమే అప్పటి శాస్త్రం. కలకత్తాలో ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షుడిగా ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఆ పనిలో ఏళ్లు గడిపాడు. గోదావరి పాయ ఒడ్డున ఓడల నిర్మాణానికి పేరుమోసిన కోరంగిని 1789 డిసెంబరులో ఉప్పెన ముంచెత్తిన సంగతి ఆయన రాతల్లో ఉంది. సముద్రం వరసగా మూడు పెద్ద అలలై ఊరి మీద పడిందని రాశాడు. అదే కోరంగిని 1839 నవంబరులో మరో తుఫాను కొట్టింది. ఆ రేవు మళ్లీ పూర్వపు దశకు రాలేదు. 1848లో పిడింగ్టన్ అచ్చువేసిన పుస్తకం పూర్తిగా నావికుల కోసం రాసింది. దానితో పాటు పారదర్శకమైన కొమ్ము రేకులు ఇచ్చారు. వాటి మీద గాలి తిరిగే తీరు బాణాలతో గీసి ఉంటుంది. రేకును సముద్ర పటం మీద పెట్టి, తన ఓడ దగ్గర గాలి ఎటు వీస్తోందో దానితో సరిచూసుకుంటే తుఫాను కన్ను ఎటువైపు ఉందో కెప్టెన్ అంచనా కట్టుకోవచ్చు. ఎవరి ఓడను వారే కాపాడుకోవాల్సిన కాలానికి అది గొప్ప సాధనం.

ముందుగా చెప్పడం టెలిగ్రాఫ్ తీగ పడ్డాకే సాధ్యమైంది. తుఫాను సాధారణంగా గంటకు పది, ఇరవై కిలోమీటర్లు నడుస్తుంది. కబురు దానికంటే ముందు పరుగెత్తగలిగితేనే హెచ్చరిక అనేది ఉంటుంది. 1859లో ‘రాయల్ చార్టర్’ అనే ఓడ వేల్స్ తీరంలో తుఫానుకు బద్దలై నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. అప్పుడు బ్రిటన్‌లో రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ ఈ పని తలకెత్తుకున్నాడు. డార్విన్ ప్రయాణించిన ‘బీగిల్’ ఓడకు కెప్టెన్‌గా ఉన్నది ఆయనే. తీరంలోని కేంద్రాల నుంచి తంతి ద్వారా గాలి, పీడనం వివరాలు తెప్పించుకుని, 1861 ఫిబ్రవరిలో రేవులకు మొదటి గాలి హెచ్చరికలు పంపాడు. అందుకున్న రేవులో స్తంభానికి శంకువునో, పీపా ఆకారాన్నో ఎగరేసేవారు. అదే ఏడాది ఆగస్టు 1న లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఆయన ముందస్తు అంచనా అచ్చయింది. రోజూ పేపర్లో చూసే వాతావరణ సూచనకు అదే మూలం. అంచనాలు తప్పినప్పుడు ఆయన మీద విమర్శలు కురిశాయి. 1865లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడాది చివర్లో రేవుల హెచ్చరికలను అధికారులు ఆపేశారు. సముద్రం మీద బతికేవాళ్లు ఊరుకోలేదు, సంవత్సరం తిరిగేసరికి వాటిని మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు.

మన వైపు కథ 1864తో మొదలవుతుంది. ఆ ఏడు అక్టోబరు 5న కలకత్తాను తుఫాను కొట్టింది. హుగ్లీలో లంగరేసిన ఓడలు వందకు పైగా తెగి ఒడ్డెక్కాయి, ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలయ్యాయి. దాదాపు 60 వేల మంది పోయారు. నెల తిరక్కుండానే నవంబరు 1 రాత్రి బందరు వంతు వచ్చింది. ఉప్పెన పట్నంలోకి, చుట్టుపక్కల పల్లెల్లోకి చొచ్చుకొచ్చి దాదాపు 30 వేల మందిని మింగింది. రెండూ ఒకే సముద్రంలో ఒకే రుతువులో పుట్టినవి. కానీ రాజధాని, పెద్ద వర్తకం, పెద్ద ఓడలు కలకత్తావి. సంఘం వేసి, నివేదిక రాయించి, 1865లో హెచ్చరిక ఏర్పాటు చేసింది కలకత్తా రేవుకే. బందరు చాలా ఏళ్లు ఆగాల్సివచ్చింది. అంతమంది చనిపోయిన ఊరి కంటే అన్ని ఓడలు మునిగిన రేవు ముందు కదిలించడం ఆనాటి పాలన స్వభావం. చదువుతున్నప్పుడు ఇప్పటికీ గుండె మండుతుంది.

అక్టోబరు తుఫాను మీద నివేదిక రాసిన ఇద్దరిలో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఒకడు. ఉద్యోగరీత్యా భూగర్భ శాస్త్రవేత్తగా వచ్చినవాడు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దాని మొదటి అధిపతి అయ్యాడు.

అయితే ప్రభుత్వం కంటే ముందే మన తీరంలో గాలిని కొలిచినవాళ్లున్నారు. విశాఖపట్నంలో జమీందారీ కుటుంబీకుడు గోడే వెంకట జగ్గారావు మద్రాసు నక్షత్రశాలలో ఖగోళ శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో తన ఇంట సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నాడు. ఇవాళ డాబా గార్డెన్స్ అని పిలిచే చోటు అదే. నక్షత్రాల మీద పెట్టినంత శ్రద్ధ వానను కొలవడం మీదా పెట్టాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం నిలబెట్టించాడు. ఆయన 1856లో పోయాక అల్లుడు ఏ.వి. నరసింగరావు వేధశాలను నడిపాడు. ఏళ్ల తరబడి రోజూ పీడనం, ఉష్ణోగ్రత, గాలి, వాన రాసిపెట్టాడు. లండన్ ఖగోళ సంఘంలో సభ్యుడయ్యాడు. ఏ తుఫానునైనా గుర్తుపట్టాలంటే ముందు మామూలు రోజుల గాలి ఎలా ఉంటుందో తెలియాలి. ఆ విసుగు పుట్టించే పనిని విశాఖలో ఒక తెలుగు కుటుంబం రెండు తరాలు చేసింది. ఊళ్లో వాళ్ల పేరు ఇంకా గట్టిగా వినిపించాల్సింది.

1876 అక్టోబరులో విశాఖ తీరాన్నొక తుఫాను, నెలాఖరున ఇప్పటి బంగ్లాదేశ్‌లోని బాకర్‌గంజ్‌ను మరో ఘోరమైన తుఫాను కొట్టాయి. రెంటినీ కలిపి జాన్ ఇలియట్ నివేదిక రాశాడు. తర్వాత వాతావరణ శాఖకు అధిపతి అయ్యిందీ ఆయనే. బంగాళాఖాతం తుఫానుల మీద 1890లో ఆయన వెలువరించిన పుస్తకం కూడా నావికుల ఉపయోగార్థం రాసినదే, ఆ మాట పుస్తకం పేరులోనే ఉంది. 1886 నాటికి హెచ్చరికలు దేశంలోని రేవులన్నిటికీ చేరాయి. ఒక్కో రేవుకు ఒక్కో తీరు గుర్తులుంటే ఓడవాళ్లకు అయోమయం కనక 1898లో అంతటా ఒకే పద్ధతి పెట్టారు. పగలు స్తంభానికి గొట్టాలు, శంకువులు కడతారు. రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు పేరుస్తారు. చిన్న మార్పులతో ఇప్పటికీ ఆ పద్ధతే నడుస్తోంది.

ఇప్పుడు ఆ పదకొండు అంకెల్ని కెప్టెన్ కళ్లతో చదువుదాం. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉంది, అక్కడ గాలి గంటకు 60 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. రెండో నంబరు అంటే దూరాన తుఫానే ఉంది, గాలి 60 నుంచి 90. ఈ రెండు గుర్తులూ రేవు గురించి చెప్పవు. రేవు దాటి వెళ్తే దారిలో ఏముందో చెబుతాయి. మూడు, నాలుగు రేవు గురించి చెబుతాయి. మూడో నంబరైతే రేవులోనే ఈదురుగాలి 40, 50 కిలోమీటర్ల వేగంతో వీయవచ్చు, నాలుగైతే ఇంకాస్త ఎక్కువ. అంటే రెండో నంబరు ఉన్నప్పుడు సముద్రం మధ్య ఉన్న గాలి మూడో నంబరు రేవులోని గాలి కంటే చాలా పెద్దది. ‘రెండే కదా’ అని పడవ తీసినవాడు ఆ పెద్దగాలికే ఎదురెళ్తున్నాడు.

అయిదు నుంచి పది దాకా అసలు సంగతి దిక్కుది. తుఫాను నడిచే దారికి రేవు ఎడమవైపు పడితే అయిదు, కుడివైపు పడితే ఆరు, నెత్తి మీద నుంచి లేదా బాగా దగ్గర నుంచి పోతే ఏడు. తీవ్ర తుఫాను అయితే అదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది. కుడి ఎడమల పట్టింపు ఎందుకంటే, మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. పడమటికి నడిచి మన తీరం దాటే తుఫానుకు కుడివైపంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం మీంచి ఒడ్డు మీదికి తోస్తుంది, తుఫాను నడక వేగం కూడా దానికి తోడవుతుంది. ఉప్పెన వచ్చేది ఆ వైపే. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, నీరు వెనక్కి పోవడం కూడా చూస్తాం.

దీనికి దివిసీమను మించిన సాక్ష్యం లేదు. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. శవాలు గుట్టలు పడింది మాత్రం దానికి ఉత్తరాన, కృష్ణా డెల్టాలో ఉన్న దివిసీమలో, నాగాయలంక, కోడూరు, హంసలదీవి ప్రాంతాల్లో. అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన పల్లెల మీదుగా పోయింది. ప్రభుత్వ లెక్కే పది వేలకు దగ్గర. తుఫాను ‘ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుంది’ అనగానే మిగతా ఊళ్లు ఊపిరి పీల్చుకోవడం అలవాటు. ఆ ఊరికి కుడివైపున ఉన్న పల్లెలకు అదే మాట చావుకబురు కావచ్చు. అయిదుకూ ఆరుకూ మధ్య తేడాలో ఈ జ్ఞానమంతా ఉంది. టీవీ పట్టీ మీద అది అంకెగా మాత్రమే పోతుంది. ఫలానా రేవు తుఫానుకు కుడివైపు ఉంది, ఉప్పెన అక్కడ వస్తుంది అని తెలుగులో ఒక్క వాక్యం కలిపి చదవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పదకొండో నంబరు సంగతి వేరు. వాతావరణ కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. తంతి తీగలు తెగిన రాత్రి రేవు అధికారి ఎగరేయాల్సిన గుర్తు అది. ‘ఇక మాకు కబురు అందదు, జాగ్రత్తపడండి’ అని ఓడలకు చెప్పడం. పాతకాలపు ముచ్చటని తీసిపారేయలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదనే తీరం దాటినప్పుడు కైలాసగిరి మీది రాడార్ దెబ్బతింది. ఊళ్లో ఫోన్లు మూగబోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు.

రాడార్ అంటే గుర్తొచ్చింది. తుఫానులను పసిగట్టేందుకు దేశంలో మొదటి రాడార్ పెట్టింది విశాఖలోనే, 1970లో. నాలుగేళ్లకు అక్కడే తుఫాను హెచ్చరికల కేంద్రం వెలిసింది. ఉపగ్రహాల చిత్రాలు కూడా అందుబాటులోకి వస్తున్న కాలం. అయినా 1977 జరిగింది. గాలిని కనిపెట్టడంలో సగం పనే అయిందనీ, మాట పల్లెకు చేరడమనే మిగతా సగం ఉందనీ ఆ ఉప్పెన తేల్చింది. 1980ల నడుమ నుంచి ఉపగ్రహం ద్వారా హెచ్చరికను తీర ప్రాంతాలకు నేరుగా వినిపించే పరికరాలు మన కోస్తాలోనూ తమిళనాడులోనూ పెట్టారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను 1977 నాటిదానికి తీసిపోనిది. ముందుగా ఆరు లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవారు వెయ్యిలోపు. స్తంభం మీది గుర్తు ఊరి జనానికి అర్థమయ్యే మాటగా మారింది అప్పుడే అంటాను.

ఊళ్లో ఉన్నవారికి మాట చేరింది. నీళ్ల మీద ఉన్నవాడికి ఇంకా చేరలేదు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను చిన్నదే కానీ చూస్తుండగానే బలపడింది. కాకినాడ, ఆ చుట్టుపక్కల రేవుల నుంచి వేటకు వెళ్లిన మరపడవల్లో వందలాది మంది తిరిగి రాలేదు. సరంగు దగ్గర ఉన్నది ట్రాన్సిస్టర్ రేడియో. ఒడ్డుకు దూరమైతే అది వినపడదు, వినపడినా పడవ ఒడ్డు చేరడానికి గంటలు పడుతుంది. 1999 నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలను నాలుగు దశలుగా, 72 గంటల ముందు నుంచే ఇస్తోంది. ఆ మూడు రోజుల వ్యవధి ఎవరికి అందరికంటే ఎక్కువ విలువైనదో 1996లో తిరిగిరాని పడవల ఇళ్లలో అడగాలి.

అదే 1999లో హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఏర్పడింది. ఇన్‌కాయిస్ అంటే తీరంలో ఇప్పుడు అందరికీ తెలుసు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన కూర్చుని, చేపలు ఎక్కడ దొరకొచ్చో, అల ఎంత ఎత్తు లేస్తుందో, గాలి ఎటు మళ్లుతుందో చెబుతుంది. ఫోన్ సిగ్నల్ దాటిపోయాక కూడా ఉపగ్రహం నుంచి హెచ్చరిక అందుకుని, బ్లూటూత్‌తో సరంగు ఫోన్లో చూపించే పరికరాన్ని 2019లో తెచ్చారు. అయితే అది వినిపిస్తుందే గానీ, పడవ నుంచి జవాబు తీసుకోదు. పడవ నుంచి కూడా కబురు పంపగల ట్రాన్స్‌పాండర్లు తర్వాత వచ్చాయి.

ఇవన్నీ పెద్ద మరపడవలకు బాగా పనికొస్తాయి. తెల్లవారుజామున అలల మీదుగా తోసుకుని వెళ్లి, మధ్యాహ్నానికి ఒడ్డుకు తిరిగొచ్చే ఫైబర్ తెప్పవాడి అవసరం వేరు. అతన్ని ముంచేది తీవ్ర తుఫానే కానక్కర్లేదు. గంటకు 45 కిలోమీటర్ల ఈదురుగాలి, అది కూడా ఒడ్డు నుంచి సముద్రంలోకి తోసేదైతే చాలు. ఆ గాలి రేవు దగ్గర వీయకపోతే స్తంభం మీద ఏ అంకే లేవకపోవచ్చు. అందుకే మత్స్యకారులకు విడిగా, తీరాన్ని చిన్న ముక్కలుగా విడదీసి, గాలి వేగంతోపాటు దిశనూ చెప్పే సూచన కావాలి. ఇప్పుడు అలాంటివి వెలువడుతున్నాయి. వాటిని జిల్లా కార్యాలయంలో ఆగనీయకుండా ప్రతి పల్లె ఒడ్డునా, పడవ తోసే వేళకు ముందే, మైకులో తెలుగులో చదివించే పని మిగిలి ఉంది.