గండికోట హర్కారా, మైలవరం వైఫై

ఉర్దూలో 'తారీఖ్' అంటే తేదీ అనీ, చరిత్ర అనీ రెండర్థాలు. మా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ పాఠమంటే బాద్‌షాల పేర్లు, వాళ్ల జంగుల తేదీలు. గండికోట దాస్తాన్ కూడా అట్లే చెప్పుకుంటాం: ఎవరు గెలిచారు, తోపులు ఎవరు పోయించారు అని. ఆ కోట నుంచి ఖబర్ బయటికి ఎట్లా పోయేదో ఎవరూ అడగరు.

మైలవరం డ్యామ్‌కు ఎగువన, అదే పెన్న గండిలో ఆ కోట ఉంది. 1652లో ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చాడు. అప్పుడు కోట మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఇరాన్ నుంచి వచ్చి, గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర వజీర్ స్థాయికి ఎదిగినవాడు. ఈ దేశంలో గుర్రపు సవారీ కంటే కాలినడక హర్కారానే ముందు చేరతాడని టావెర్నియే తన సఫర్‌నామాలో రాశాడు. కారణం చౌకీలు. రెండు లీగులకో గుడిసె. పరిగెత్తుకుంటూ వచ్చినవాడు ఖత్‌ను గుడిసె ముందు నేల మీద పడేస్తాడు. చేతికివ్వడం బద్‌షగూన్, అపశకునం. లోపలున్నవాడు దాన్ని ఎత్తుకుని పరుగు మొదలుపెడతాడు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే, ఢిల్లీ సుల్తానుల జమానాలో, ఇబ్న్ బతూతా కూడా ఇట్లాంటి డాక్‌నే చూశాడు. మైలుకు మూడు మజిలీలు, హర్కారా చేతి కర్రకు రాగి గజ్జెలు. గజ్జెల చప్పుడు వినపడగానే ముందు చౌకీవాడు లేచి సిద్ధమయ్యేవాడు. మనుషులు మారినా ఖత్ ఆగదు. దీన్నే సిల్సిలా అంటాం.

మైలవరంలో పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకునే ఒక హాల్లో ఈమధ్య వైఫై పెట్టించాం. మూడు గదులు, మూడు యాక్సెస్ పాయింట్లు. ఆన్‌లైన్ మాక్ టెస్ట్ రాసే అమ్మాయి ముందు గది నుంచి వెనక గదికి పోతే సిల్సిలా తెగకూడదు. అదొక్కటే మా జరూరత్. పని చేస్తున్నంతసేపూ నాకు ఆ చౌకీలే గుర్తొచ్చాయి.

మూడింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాలి. మూడూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండి, ఐపీ అడ్రసులు ఒకే రౌటర్ ఇవ్వాలి. ఒక్కోదానికి వైరు లాగాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అయితే ఛానెళ్లు 1, 6, 11 వేరువేరుగా పంచాలి, లేకుంటే ఒకదాని మాట మీద ఇంకోటి పడుతుంది. ఇక్కడ ఖత్‌కూ ఫోనుకూ ఒక ఫరక్ ఉంది. ఎవరి చేతికి పోవాలో ఖత్ తేల్చుకోదు. వైఫైలో ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే. దూరమైపోయినా పాత పాయింటునే పట్టుకుని వేలాడుతుంది. అందుకే పాయింట్ల పవర్ తగ్గిస్తారు. ఎక్కువ పవర్ పెడితే మేలనుకుంటాం గానీ, అది ఫోనును వదలనివ్వదు.

అసలు మాట ఎతబార్, నమ్మకం. ఖత్ మీద ముహర్ ఒకసారి పడితే ప్రతి చౌకీలో దాన్ని విప్పి విచారించరు. 1997లో వచ్చిన తొలి వైఫై ప్రమాణంలో ఈ సౌలత్ లేదు. ఆ తర్వాత భద్రత గట్టిపడేకొద్దీ, కొత్త పాయింట్ దగ్గర ఫోను తన పహ్‌చాన్ మళ్లీ మొదటి నుంచి చూపించుకోవాల్సి వచ్చింది. మాటల మధ్య కాల్ తెగేది ఇందుకే. 2008లో వచ్చిన 802.11ఆర్ ఆ తాళంచెవిని పక్క పాయింట్లకు ముందే అందేలా చేసింది. సెకనులో ఇరవయ్యో వంతులో మార్పు అయిపోవాలన్నది లక్ష్యం. అదే ఏడాది వచ్చిన 802.11కే, పక్కన ఏ పాయింట్లున్నాయో ఫోనుకు చెబుతుంది. 2011లో వచ్చిన 802.11వీ, 'అటు పో' అని సలహా ఇస్తుంది.

టావెర్నియే ఇంకో సంగతి రాశాడు. చెట్లు లేని దారుల్లో ప్రతి ఐదు వందల అంగలకు ఒక రాళ్ల కుప్ప ఉండేదట. చీకటి వాన రాత్రుల్లో హర్కారా దారి తప్పకుండా వాటికి సున్నం కొట్టే బాధ్యత దగ్గరి గ్రామాలవాళ్లది. ఇప్పుడు యాక్సెస్ పాయింట్ సెకనుకు దాదాపు పదిసార్లు 'నేనిక్కడున్నా' అని బీకన్ పంపుతుంది. అదీ సున్నం రాయే.

ఖత్ రాసిన నవాబు పేరు తారీఖ్‌లో ఉంది. పరిగెత్తినవాడి పేరు లేదు, సున్నం కొట్టినవాడి పేరు అసలే లేదు. హాల్లో నిచ్చెనెక్కి, గోడకు రంధ్రాలు వేసి, కేబుల్ లాగిన కుర్రాళ్లదీ అదే కిస్మత్. తెగకుండా నడిచినంతకాలం వాళ్లెవరికీ గుర్తురారు. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకం 2011లో మంజూరైంది. పంచాయతీ ఆఫీసు దాకా తీగ రావడం ఒక మజిలీ మాత్రమే. అక్కడి నుంచి చివరి గల్లీలోని చివరి ఇంటిదాకా చౌకీలు ఎవరు నిలబెడతారు, వాటికి ఏటేటా సున్నం ఎవరు కొడతారు? ఒక్క గుడిసె ఖాళీగా ఉన్నా ఖత్ అక్కడే నేల మీద పడి ఉంటుంది.