పొలం ఇచ్చి పొలిమేర గీసిన రాజ్యం: చైనా కమ్యూనిస్టు పార్టీ, రైతు

1934 అక్టోబరులో జియాంగ్సీ వదిలి నడక మొదలుపెట్టిన 80 వేల పైచిలుకు మందిలో, ఏడాది తరువాత ఉత్తర షాన్‌షీ చేరినవారు చాలా కొద్దిమంది. అంతగా చితికిన పార్టీకి 1945 నాటికి 12 లక్షల సభ్యత్వం ఎలా సమకూరింది? లాంగ్ మార్చ్‌గా పేరుపడ్డ ఆ నడక సాహసగాథ దీనికి జవాబు చెప్పదు. యెనాన్ కేంద్రంగా పార్టీ ఏలిన స్థావర ప్రాంతాల కౌలు లెక్కలు చెబుతాయి. జపాన్ సేనలు ముంచుకొస్తున్న ఆ కాలంలో పార్టీ భూస్వామి భూమి జోలికి పోలేదు. కౌలు నాలుగో వంతు తగ్గించి, వడ్డీకి హద్దు పెట్టింది. ఉన్నవాడు పూర్తిగా శత్రువు కాలేదు, లేనివాడి గాదెలో కాసిని గింజలు మిగిలాయి. 1946 మేలో ఈ సంయమనం వదిలి భూపంపిణీకి దిగాక, అంతర్యుద్ధంలో రైతుకు కాపాడుకోవలసిన సొంత చెక్క ఒకటి ఏర్పడింది. (1948లో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం మావో ‘నూతన ప్రజాస్వామ్యా’న్ని దారిగా చూపినప్పుడు వారి ముందున్నది భూమి పంచిన ఈ చైనాయే, పొలిమేర గీసిన మిగతా సగం ఇంకా జరగలేదు.)

1950 భూసంస్కరణ చట్టం కింద దాదాపు 30 కోట్ల మందికి 70 కోట్ల మూ, అంటే సుమారు 11.5 కోట్ల ఎకరాలు దక్కాయి. బహిరంగ విచారణల్లో భూస్వాములు లక్షల్లో హతమయ్యారు. అదే ఏడాది వచ్చిన వివాహ చట్టం బాల్య నిశ్చితార్థాలను, ఉంపుడుగత్తెల వ్యవస్థను నిషేధించి, స్త్రీకి విడాకుల హక్కిచ్చింది. తలకింతని పంచిన భూమిలో ఆమెకూ వాటా ఉంది. కన్యాశుల్కం పోసి కోడలిని తెచ్చుకున్న ఇంటికి ఆమె వెళ్లిపోవడమంటే మనిషీ పోయె, మన్నూ పోయె. గ్రామాల్లో ఈ చట్టానికి ఎదురైన హింసకు సంప్రదాయం కన్నా ఈ లెక్కే బలమైన కారణమని నా అంచనా.

పట్టాలు ఎంతోకాలం నిలవలేదు. 1953 చివర ధాన్యం కొనుగోలు మొత్తం ప్రభుత్వం చేతికి వెళ్లింది. పరిశ్రమలకు చౌక తిండి కావాలి. అది రైతే ఇవ్వాలి. 1956 ముగిసేసరికి భూమి సహకార సంఘాలపరమైంది. గిట్టుబాటు లేని రైతు పట్నం దారి పట్టకుండా 1958 జనవరిలో హుకౌ (నివాస నమోదు) నిబంధనలు వచ్చాయి: పట్నంలో ఉద్యోగమో, బడిలో సీటో, అక్కడి అధికారుల అనుమతో ఉంటేనే మకాం మార్చాలి. 1954 రాజ్యాంగం హామీ ఇచ్చిన నివాస స్వేచ్ఛ నాలుగేళ్లకే కాగితానికి పరిమితమైంది. పైగా పల్లెవాసి, పట్నవాసి అనే ఈ హుకౌ హోదా తల్లి నుంచి బిడ్డకు సంక్రమించేది. కనుక పల్లెటూరి పిల్లను పెళ్లాడిన పట్నం యువకుడి సంతానం కూడా పల్లె ఖాతాలోకే చేరేది. వివాహ చట్టం తెరిచిన తలుపును నమోదు పుస్తకం సగం మూసింది.

ఈ నిబంధనలు వచ్చిన మరుసటి ఏడాదే మొదలైన 1959–61 కరువులో 1.5 నుంచి 4.5 కోట్ల మంది చనిపోయారని అంచనాలు. 1959లోనే 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం ఎగుమతైంది. రేషన్ పట్నాన్ని చాలావరకు కాపాడింది. చావులు పల్లెల్లోనే ఎక్కువ. హెనాన్‌లోని షిన్‌యాంగ్‌లో ఆకలితో ఊరు విడిచేవారిని దారులు కాసి ఆపారు. ఆపైన దాదాపు 2 కోట్ల మందిని పట్నాల నుంచి వెనక్కి పంపారు. సహకార సంఘాలను కలిపి కట్టిన కమ్యూన్లు 1980ల తొలి సగంలో రద్దయ్యాయి. హుకౌ సడలింది తప్ప పోలేదు. షెన్‌జెన్ ఫ్యాక్టరీలను నిలబెట్టిన వలస కార్మికుల పిల్లలెందరో ఊళ్లో తాతా నానమ్మల దగ్గరే పెరిగారు.