విచారణ యను మాట

మనుజులవలెనే మాటలును సహవాసమునుబట్టి మాఱుచుండును. ఇందులకు లాటిను భాషయందలి ‘ఇన్‌క్వీసీతియో’ యను నామవాచకము తగిన దృష్టాంతము.

ఆ భాషలో ‘క్వైరెరె’ యనఁగా వెదకుట. దానికి ‘ఇన్’ అను నుపసర్గము చేరఁగా ‘ఇన్‌క్వీరెరె’, అనఁగా లోఁతుగా వెదకుట, యయ్యెను. ఆ క్రియనుండి పుట్టిన భావార్థకనామమే యిది. ఇది స్త్రీలింగము, తృతీయనామగణమునకుఁ జేరినది. మన ‘ఇల్లు’ అను పదము విభక్తి పరమగునపుడు ‘ఇంటి’ యయినట్లు, ప్రథమయందుఁ గానరాని తుది నకారము దీనికిఁ దక్కిన విభక్తులయందు బయలుపడును. షష్ఠి ‘ఇన్‌క్వీసీతియోనిస్’; ద్వితీయ ‘ఇన్‌క్వీసీతియోనెమ్’.

రోమక న్యాయస్థానములయందు, నేరము మోపువాఁడు సాక్ష్యములను సేకరించుటకు నీ పేరు చెల్లెను. క్రీ. పూ. 70వ సంవత్సరమున సిసిరో, సిసిలీ ద్వీపమును దోఁచుకొనిన వెర్రీసుపై నభియోగము తెచ్చెను. సాక్ష్యసేకరణమునకు 110 దినములు గడువడిగి, 50 దినములలోనే ముగించెను. అతఁడు తెచ్చిన సాక్షులు బహిరంగముగాఁ దీర్పరులయెదుటఁ బలికిరి. వెదకువాఁ డొకఁడు, తీర్పు చెప్పువారు వేఱొకరు.

తరువాతఁ గ్రైస్తవ మతాధికారుల న్యాయస్థానములలో నీ కట్టుబాటు సడలెను. ఫిర్యాది లేకున్నను న్యాయాధికారియే విచారణ కుపక్రమింపవచ్చునను పద్ధతి 1215వ సంవత్సరపు లాటరన్ మహాసభలో స్థిరపడెను. 1252లో నాలుగవ యిన్నొసెంటు పోపు, మతభేదము వహించినవారిని హింసించి యొప్పించుట కనుమతి నొసఁగెను. సాక్షుల పేళ్లు నిందితునకుఁ దెలియనీయరైరి. మన దేశమునందును గోవాలో 1560లో నీ పేర నొక న్యాయస్థానము వెలసి, నడుమఁ గొన్నియేండ్లు నిలిచినను, 1812 వఱకు సాగెను.

చదువరులారా! పదము మాఱలేదు, లింగము మాఱలేదు, విభక్తులు మాఱలేదు. వెదకువాఁడే తీర్పరి యగుటయు, దొరకవలసినదానిని ముందే నిశ్చయించుకొనుటయు వచ్చి చేరినవి. అంతటితో వెదకుట యనెడి మాట జనులకు భయంకరమయ్యెను.

సంస్కృతమున నాలోచనయు, పరిశీలనయు నగు ‘విచారము’ తెలుఁగునఁ దఱచుగా దుఃఖమునకే పేరైనది. మన యిండ్లలో బిడ్డనో కోడలినో నిలువఁబెట్టి ప్రశ్నించునపుడు, మనము సమాధానమును వినఁగోరుచున్నామా, ఒప్పుకోలును రాఁబట్టఁగోరుచున్నామా యని మొదట మనలనే మనము విచారించుకొనుట మేలు.