తిరగబెట్టే గాయాలు: ఫుట్‌బాల్ ఆటగాడి మనసు

ఆటగాడు కోలుకుని మైదానంలోకి వచ్చాక అదే చోట, అదే రకంగా మళ్లీ అయ్యే గాయాన్ని ఫుట్‌బాల్ వైద్యంలో తిరగబెట్టిన గాయం అంటారు. 2006లో అంతర్జాతీయ నిపుణులు కూడి రూపొందించిన పత్రం దీనికి గడువులు పెట్టింది. 2 నెలల్లోపు వస్తే త్వరగా, 2 నుంచి 12 నెలల మధ్య వస్తే ఆలస్యంగా, ఏడాది దాటాక వస్తే మరీ ఆలస్యంగా తిరగబెట్టినట్టు లెక్క. తొడ వెనుక కండరం, గజ్జ, చీలమండ, మోకాలి లిగమెంట్లు ఈ బెడద ఎక్కువగా కనిపించే చోట్లు. యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల్లో 2001 నుంచి యాన్ ఎక్‌స్ట్రాండ్ ఆధ్వర్యంలో సాగుతున్న యూఈఎఫ్ఏ అధ్యయనం 2011లో ప్రకటించిన లెక్కల ప్రకారం కండరాల గాయాల్లో 16 శాతం తిరగబెట్టినవే. మొదటిసారి కంటే ఇలా తిరగబెట్టినప్పుడు ఆటగాళ్లు ఎక్కువ రోజులు ఆటకు దూరమయ్యారు. 25 మంది ఉన్న జట్టులో సీజన్‌కు సుమారు 15 కండరాల గాయాలు మామూలేనని అదే అధ్యయనం తేల్చింది.

ఈ అంకెలు కాళ్లకు సంబంధించినవి. మనసులో జరిగేది వేరు. మొదటి గాయాన్ని ఆటగాడు ప్రమాదమనుకుని సరిపెట్టుకుంటాడు. అదే చోట రెండోసారి తగిలితే తన ఒంటినే అనుమానిస్తాడు. తొడ కండరం రెండుసార్లు చిరిగిన ఫార్వర్డ్‌ను గమనిస్తే సంగతి తెలుస్తుంది. డిఫెండర్ల వెనక్కి బంతి జారినప్పుడు మునుపు ఆలోచించకుండా దూసుకుపోయేవాడు ఇప్పుడు మొదటి రెండు అడుగులు తగ్గించి వేస్తాడు. కాలు పూర్తిగా చాచడు. దెబ్బ తగలని కాలిపై బరువు మోపుతాడు. చూపు బంతి మీద ఉన్నా ధ్యాస తొడ మీదే ఉంటుంది. బెదిరిన కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న కండరం తేలిగ్గా చిరుగుతుంది. పక్క నుంచి వచ్చే ప్రత్యర్థి ఆలస్యంగా కంటబడతాడు. ఏ భయం గాయం నుంచి కాపాడాలో అదే గాయాన్ని పిలుచుకొచ్చే ఈ చక్రమే విషయానికి కేంద్రం. భయంతో పాటు ఒంటరితనం, అపరాధభావం, కాంట్రాక్టు గురించిన గుబులు, నిద్రలేమి, దిగులు కూడా వస్తాయి.

ఆటగాళ్ల మనస్తత్వాన్ని శాస్త్రీయంగా చూసే పని అమెరికాలో మొదలైంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ 1925లో ప్రయోగశాల తెరిచారు. ఫుట్‌బాల్‌లోకి ఆ చూపు బ్రెజిల్ ద్వారా వచ్చింది. 1958 ప్రపంచకప్‌కు ఆ దేశం మనస్తత్వవేత్త జోవావ్ కార్వాల్యాయెస్‌ను వెంట తీసుకెళ్లింది. 17 ఏళ్ల పెలేకు ఇంకా పసితనం పోలేదని, ఆడించవద్దని ఆయన సలహా ఇచ్చారు. పెలే అప్పటికే మోకాలి గాయంతో ఉన్నాడు. కోచ్ విసెంటే ఫియోలా మనస్తత్వ పరీక్షను పక్కనబెట్టి, మోకాలు కుదుటపడితే ఆడిస్తానన్నాడు. పెలే ఆడాడు, బ్రెజిల్ కప్పు గెలిచింది. మనసు సంగతి తర్వాత, మోకాలి సంగతి ముందు అన్న ఆ లెక్కే తర్వాత చాలా కాలం క్లబ్బుల్లో చెల్లింది.

ఫతే మైదాన్ కాలం

గాయం, మనసుల ఈ కథను హైదరాబాద్‌లో వెతికితే మొదట చేరేది అబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్‌ల నడుమ ఉన్న ఫతే మైదాన్‌కే. 1687లో గోల్కొండ ముట్టడి సమయంలో ఔరంగజేబు సేనలు విడిది చేసిన చోటు ఇదే. 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారింది. నాంపల్లి రైల్వే స్టేషన్ నుంచి నడిచి చేరగల దూరంలో ఉన్న ఈ మైదానం 1950లలో దేశ ఫుట్‌బాల్‌కు రాజధాని అనడం అతిశయోక్తి కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961లలో అందుకుంది. సంతోష్ ట్రోఫీ 1956, 1957లలో హైదరాబాద్‌కు దక్కింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ వంటివారు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నారు. అక్కడ యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడేదాకా మన ఆటగాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడేవారు. వేళ్లు, గోళ్లు, చీలమండలు దెబ్బతినడం నిత్యకృత్యం.

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి పోలీస్ జట్టు కోచ్. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు ఆయన పెట్టేవారు. వాటి ఉద్దేశం నైపుణ్యమే అయినా, గాయం కోణం నుంచి చూస్తే అందులో ఒక దూరదృష్టి ఉంది. ఒకే కాలిని నమ్ముకున్నవాడికి ఆ కాలు దెబ్బతింటే ఆట మొత్తం పోతుంది. రెండో కాలికి పని నేర్పినవాడికి గాయం తర్వాత కూడా ఆధారం మిగులుతుంది. పంతులుగా ఆయనకు అబ్బిన ఓపిక, మాట నేర్పు ఆటగాళ్ల గుండెనిబ్బరానికి పనికొచ్చాయి.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇందుకు తిరుగులేని ఉదాహరణ. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన భారత్ తర్వాత థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అప్పట్లో గాయపడినవాడి స్థానంలో మరొకడిని దింపే వెసులుబాటు ఇప్పటిలా లేదు; ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్లు 1970లో గానీ రాలేదు. అప్పటి భారత జట్టు కోచ్ కూడా అయిన రహీం ఆయనను డిఫెన్స్‌లో నిలపలేదు, అలాగని పూర్తిగా కూర్చోబెట్టనూ లేదు. కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి గుర్తుంచుకుని, తలకట్టుతోనే సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై భారత్ 3–2తో గెలిచింది, అందులో జర్నైల్ గోల్ ఒకటి. సెప్టెంబర్ 4న ఫైనల్లో స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్న జనం మధ్య పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ కొట్టగా దక్షిణ కొరియా 2–1తో ఓడింది. ఫ్లూతో మంచం పట్టి లేచిన హైదరాబాదీ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ ఫైనల్లో గోల్‌పోస్టుల మధ్య నిలిచాడు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూశారు.

జర్నైల్ ఉదంతాన్ని ధైర్యగాథగానే చెప్పుకోవడం పరిపాటి. గాయపడిన ఆటగాడికి తానింకా జట్టుకు కావలసినవాడినే అన్న నమ్మకం కలిగించడం, భయం తక్కువగా ఉండే పని అప్పగించడం రహీం చేసిన అసలు పని. ఈనాటి పునరావాస నిపుణులు చెప్పేదీ ఇదే. అయితే తలగాయంతో, అందునా తలతో బంతిని కొట్టే స్థానంలో ఆడించడాన్ని నేటి వైద్యం ఒప్పుకోదు.

అదే జట్టులోని తులసీదాస్ బలరాం కథ మరో దారిలో నడిచింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ, పెరూ జట్లపై గోల్స్ కొట్టాడు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది, 27వ ఏట, ప్లూరిసీ వ్యాధి ఆయనను ఆటకు దూరం చేసింది. ఇది కండరం తిరగబెట్టిన బాపతు కాదు; కానీ ఒళ్లు సహకరించక ఉచ్చస్థితిలో ఆట వదిలిన మనిషి ఏమనుభవిస్తాడో చెప్పడానికి తెలుగునేల మీద ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. తన పాత క్లబ్బుల్లో ఒకదాని మీద మనస్తాపాన్ని ఆయన జీవితాంతం దాచుకోలేదు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

పోలీసు, రైల్వే, బ్యాంకు జట్ల వ్యవస్థలో ఒక మేలు ఉండేది. మోకాలు పోయినా ఉద్యోగం నిలిచేది, నెల జీతం వచ్చేది. ఆట పోయిన బాధ ఉన్నా పొయ్యి ఆరిపోతుందన్న భయం లేదు. చికిత్స మాత్రం చాలావరకు వేడినీళ్లు, మాలీషు, కట్టు. బెణికినా విరిగినా కట్టుకట్టేవారి దగ్గరకు పరుగెత్తడం నగరంలో పాత అలవాటు. పుత్తూరు కట్టు బోర్డులు ఇప్పటికీ హైదరాబాద్ వీధుల్లో కనిపిస్తాయి. కట్టు విప్పిన రోజే ఆటకు దిగిపోయే అలవాటు గాయాలు తిరగబెట్టడానికి తోడ్పడేది.

1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు కోల్‌కతా క్లబ్బులకు తరలిపోగా నగరంలో ఆట అర్ధశతాబ్దం పాటు వెనకబడింది.

ప్రపంచ వేదికపై

తిరగబెట్టిన గాయం ఎలా ఉంటుందో ప్రపంచం కళ్లారా చూసింది 2000 ఏప్రిల్ 12న. ఇంటర్ మిలాన్ ఆటగాడు, బ్రెజిల్ స్ట్రైకర్ రొనాల్డో అంతకుముందు నవంబర్ 21న కుడి మోకాలి స్నాయువు దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అయిదు నెలల తర్వాత రోమ్‌లో లాజియోపై కప్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. బంతితో పరిగెడుతూ ప్రత్యర్థిని ఏమార్చబోయిన క్షణంలో, ఎవరూ తాకకుండానే, అదే మోకాలు కూలింది. ఆడింది ఏడు నిమిషాలే. ప్యారిస్‌లో డాక్టర్ జెరార్ సైయాన్ ఆపరేషన్ చేశారు. ఫిజియోథెరపిస్ట్ నిల్టన్ పెత్రోన్ నెలల తరబడి వెంట ఉన్నారు. 2002 ప్రపంచకప్‌లో రొనాల్డో 8 గోల్స్ కొట్టాడు, జర్మనీపై ఫైనల్లో రెండూ ఆయనవే. క్రీడా చరిత్రలో ఇంత గొప్ప పునరాగమనం అరుదు. 2008లో ఎడమ మోకాలు పోయింది. 2011లో ఆట మానేశాడు.

ఫెర్నాండో రెడోండో 2000లో ఏసీ మిలాన్‌లో చేరీ చేరగానే మోకాలు దెబ్బతిని రెండేళ్లకు పైగా ఆడలేకపోయాడు. ఆడనప్పుడు జీతం వద్దని క్లబ్బుకు చెప్పాడు. గాయపడ్డ ఆటగాడిలో అపరాధభావం ఎంత లోతుగా పాతుకుంటుందో ఇది చూపుతుంది. 2002లో ఆ క్లబ్బు మిలాన్ ల్యాబ్ నెలకొల్పి, మనస్తత్వవేత్త బ్రూనో డెమికెలిస్‌కు అందులో చోటిచ్చింది. ఇంగ్లండ్ ఫార్వర్డ్ మైకేల్ ఓవెన్‌కు 1999 ఏప్రిల్‌లో, 19వ ఏట, తొడ కండరం చిరిగింది. కెరీర్ చివరి ఆరేడేళ్లు ఖాళీ జాగాలోకి దూసుకెళ్లాలంటేనే హడలిపోయేవాడినని రిటైరయ్యాక టెలివిజన్‌లో చెప్పుకున్నాడు. జర్మనీకి చెందిన సెబాస్టియన్ డైస్లర్ పదేపదే మోకాలి ఆపరేషన్లు చేయించుకున్నాడు. 2003లో డిప్రెషన్‌కు ఆస్పత్రిలో చికిత్స పొందాడు. మోకాలిపై నమ్మకం పోయిందని చెప్పి 2007 జనవరిలో, 27 ఏళ్లకే, ఆట విరమించాడు.

పరిశోధన

మానసిక ఒత్తిడికీ గాయానికీ ఉన్న సంబంధాన్ని 1988లో ఆండర్సన్, విలియమ్స్ ఒక నమూనాగా చూపారు. ఒత్తిడిలో కండరాలు బిగుసుకుంటాయని, చూపు పరిధి కుదించుకుపోతుందని, దాంతో గాయం అవకాశం పెరుగుతుందని వారి వాదన. మరణాన్ని ఎదుర్కొనే రోగుల గురించి ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన అయిదు దశలను ఆటగాళ్లకు అన్వయించడం కొంతకాలం నడిచింది. అందరూ ఒకే వరుసలో ఆ దశలు దాటరని తర్వాత తేలింది. కదిలితే మళ్లీ గాయమవుతుందన్న భయాన్ని కొలవడానికి 1990ల ఆరంభంలో టాంపా స్కేల్ వచ్చింది. 2008లో వెబ్‌స్టర్, ఫెల్లర్, లాంబ్రోస్ మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవారి కోసం 12 ప్రశ్నల పట్టికను తయారుచేశారు. మోకాలు మళ్లీ జారుతుందని భయమా, పాత స్థాయిలో ఆడగలనన్న ధీమా ఉందా, మళ్లీ ఆపరేషన్, పునరావాసం తలచుకుంటే ఆందోళనగా ఉందా వంటివి అందులో అడుగుతారు. స్కానింగ్‌లో మానిన మోకాలికి కూడా ఈ పట్టికలో తక్కువ మార్కులు రావచ్చు.

అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో కోసం వాంసాన్ గూట్‌బార్జ్ చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. 607 మంది ప్రస్తుత ఆటగాళ్లలో 38 శాతం, 219 మంది మాజీల్లో 35 శాతం డిప్రెషన్ లేదా ఆందోళన లక్షణాలు చెప్పారు. మూడు అంతకంటే ఎక్కువ తీవ్ర గాయాలైనవారిలో మానసిక సమస్యలు, తీవ్ర గాయాలు లేనివారితో పోలిస్తే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. తిరగబెట్టే గాయాల విషయంలో ఇంతకంటే ముఖ్యమైన అంకె మరొకటి లేదు.

ఇటీవలి కాలం

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడి ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరింది. మ్యాచ్‌లు ఫతే మైదాన్ నుంచి గచ్చిబౌలికి మారాయి. గాయాల బెడదతో తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు, మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచింది. క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలింది. నగరానికి చెందిన మరో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ 2021–22లో ఐ-లీగ్‌లోకి వచ్చింది. క్లబ్బుల రాకతో ఫిజియోలు, స్కానింగులు, జీపీఎస్ చొక్కాలు వచ్చాయి. పోలీసు ఉద్యోగం ఇచ్చిన భద్రత మాత్రం పోయింది. ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టు మీద ఉన్న కుర్రాడు నొప్పి దాచిపెడతాడు. చెబితే పక్కనబెడతారని, చెప్పకపోతే తిరగబెడుతుందని రెండు భయాల మధ్య నలుగుతాడు. అందుకే ఆటకు ఎప్పుడు పంపాలన్న నిర్ణయం కోచ్ చేతిలో కాక వైద్యుల చేతిలో ఉండాలని నిపుణులు పట్టుబడతారు.

తలగాయాల విషయంలో నిబంధనలే ఆ నిర్ణయానికి తోడ్పడుతున్నాయి. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో అదనపు సబ్‌స్టిట్యూట్‌ను శాశ్వతంగా దించే ఏర్పాటుకు అంతర్జాతీయ నిబంధనల మండలి 2024లో ఆమోదం తెలిపింది. పోటీల నిర్వాహకులు దాన్ని అమలు చేసుకోవచ్చు. ఇలాంటి ఏర్పాటు లేని కాలంలో ఆడిన రహీం శిష్యుడు, 1962 స్వర్ణ జట్టు సభ్యుడు, 1966 అర్జున అవార్డు గ్రహీత యూసుఫ్ ఖాన్ చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడి 2006లో మరణించారు. ఆడే రోజుల్లో ఆయన తలకు తగిలిన దెబ్బలతో దాన్ని ముడిపెట్టినవారున్నారు.