రేఖావర్ణ విచారము

విష్ణుధర్మోత్తరపురాణమందలి చిత్రసూత్రము చిత్రమును మెచ్చువారిని నాలుగు తెఱఁగులుగా విభజించినది. ఆచార్యులకు రేఖయు, విచక్షణులకు ఛాయాభేదమును దెలుపు వర్తనయు, స్త్రీలకు భూషణమును, తక్కినవారికి రంగుల సమృద్ధియు నిష్టములని దాని మతము. దీనివలన రేఖ యుత్తమమనియు, వర్ణము పామరరంజకమనియుఁ దోఁపవచ్చును. ఇరువదవ శతాబ్దపుఁ దెలుఁగు చిత్రకారుల నిరువురిఁ బరిశీలించిన నీ భ్రమ తొలఁగును.

బాపు (1933–2014) రేఖాప్రధానుఁడు. ముళ్లపూడి వేంకటరమణ రచించిన ‘బుడుగు’ పేరు వినఁగనే బాపు గీసిన బాలుఁడు కన్నులఁ గట్టును. కొలఁది గీఁతలతోనే ముఖభావము పూర్తియగును. అధికమైన గీఁత కానరాదు. అర్ధమాత్ర తగ్గినఁ బుత్రోత్సవమువలె సంతసించు వైయాకరణుల కీ లాఘవము సుబోధము.

వడ్డాది పాపయ్య (1921–1992) మార్గము వేఱు. ‘వపా’ యను సంతకముతో ‘చందమామ’, ‘యువ’ పత్రికలలో నీతఁడు పురాణఘట్టములను, పల్లెపడుచులను జిత్రించెను. ఆ చిత్రములలో నాకృతిని నిలుపునది ముఖ్యముగా రంగే. ఒక రంగు వేఱొకదానిలోఁ గరఁగి వెలుఁగునీడలను గల్పించును. అనఁగా వర్ణమే వర్తన యైనది. అట్టిదానిఁ బామరరంజక మనుట చెల్లదు.

కావున సూత్రకారుఁడు చెప్పినది ప్రేక్షకుల రుచిభేదమే కాని కళాంగముల తారతమ్యము గాదు.

కథకుఁ దోడైన చిత్రము వ్యాఖ్యానమువంటిది. పత్రిక చినిఁగిన నదియు నశించును. తాటియాకులలోని వ్యాఖ్యలను గాపాడుకొన్న జాతి యీ వ్యాఖ్యలనుగూడఁ గాపాడుకొనవలయును.