పిడికెడు బియ్యము – బడి విందు



ఈ వారము ధ్యానము కొరకు నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము 10వ వచనము తెరచి చదువుకొనండి. ధర్మశాస్త్రము విని ప్రజలు ఏడ్చుచున్నారు. ఏడ్వవద్దు, వెళ్లి కడుపునిండా తిని సంతోషించండి అని వారికి ఆజ్ఞ వచ్చింది. ఆజ్ఞ అంతటితో ఆగలేదు. ఇంట ఏమీ వండుకొనలేని వారి భాగము వారికి పంపండి అని కూడ చెప్పబడింది. పండుగకు ఈ రెండూ కావాలి. తినడము ఒకటి, పంపడము రెండవది.

మీ సంఘ పాఠశాలలో ఫుడ్ ఫెస్టివల్ జరుగుతుందని ఆదివారము ఆరాధనలో ప్రకటన వచ్చిందనుకొనండి. మీరు కుటుంబముతో వెళ్తారు. గేటు దగ్గర కూపన్లు కొంటారు. ఒక బల్ల మీద పులిహోర, గారెలు, ఇంకొక బల్ల మీద అరిసెలు, సున్నుండలు, చెట్టు క్రింద పెద్ద గిన్నెలో కోడి బిర్యానీ. స్త్రీల సమాజము వారు తెల్లవారుజామున లేచి వండినవి. వచ్చిన సొమ్ము బడికి చేరుతుంది. కొందరికి జీతములు, కొందరికి ఫీజులు, వాన కారే తరగతి గదికి కప్పు.

కొందరు విశ్వాసులు అడుగుతారు: “అయ్యగారూ, దేవుని పనికి కానుక ఇవ్వాలి గాని, సంఘము ఆవరణలో అమ్మకాలేమిటి?” ఈ ప్రశ్నను త్రోసివేయకండి. దీనికి జవాబు సంఘ చరిత్రలో వెదకుదాము.

మొదట కొరింథునకు వెళ్దాము. అక్కడి విశ్వాసులు ప్రభువు బల్లతోపాటు కలిసి భోజనము చేసేవారు. ఉన్నవారు ముందుగా వచ్చి తాము తెచ్చుకొన్నది తినేవారు. లేనివారు ఆలస్యముగా వచ్చి ఆకలితో కూర్చునేవారు. 1 కొరింథీయులకు 11వ అధ్యాయములో పౌలు ఎంత గట్టిగా గద్దించాడో చూడండి. విందును ఆయన తప్పుపట్టలేదు. విందులో పేదవానిని సిగ్గుపరచడమే తప్పు అన్నాడు. కాబట్టి మన ఫుడ్ ఫెస్టివల్‌ను కూడ ఈ కొలతతోనే కొలవాలి. అక్కడ ఏమి అమ్మారన్నదానికంటె ముందు, అక్కడ ఎవరు ఆకలితో నిలిచారని అడగాలి.

ఇప్పుడు మన తెలుగు దేశమునకు రండి. 1842 జూలై 31న హేయర్ దొరగారు గుంటూరు చేరి పరిచర్యతోపాటు బడులు ఆరంభించారు. 1843 నవంబరు 21న రాబర్ట్ నోబుల్ గారు మచిలీపట్నములో పాఠశాల తెరిచారు. ఆ దినములలో బడి ఖర్చు ఎక్కువగా సముద్రము అవతలి సంఘముల కానుకలతో నడిచేది. అక్కడ కూడ ఎందరో పేద విశ్వాసులు తమ కొద్దిలోనుండి పంపినదే అది.

తరువాత 1876 నుండి 1878 వరకు మహా కరవు వచ్చింది. ఒంగోలులో క్లవ్ దొరగారు ఉన్నారు. ఆయన మునుపు అమెరికాలో సర్వే పని చేసినవారు. ఊరకనే గంజి పోస్తే మనిషి తల వంచుకోవలసి వస్తుందని ఎరిగి, ప్రభుత్వము త్రవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొన్నారు. ఆకలితో వచ్చినవారికి పని దొరికింది, పనికి కూలి దొరికింది. బోధకులే ఆ పనికి మేస్త్రీలుగా నిలిచారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కరవులో వేలాదిమంది బాప్తిస్మము అడిగారు. కూటి కొరకు మతములో చేరుతున్నారను మాట రాకూడదని క్లవ్ గారు సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. కరవు తగ్గిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అన్నము ప్రేమతో పెట్టాలి, ఎరగా వేయకూడదు. సంఘము పెట్టే ప్రతి వంట గిన్నె దగ్గర ఈ పాఠము జ్ఞాపకము ఉండాలి.

మెదకులో పోస్నెట్ దొరగారు 1914లో ఆరంభించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహా దేవాలయము కూడ కరవు దినములలో పనివారికి అన్నము పెట్టినదే.

ఇక డోర్నకల్ చూడండి. 1909లో తిరునెల్వేలి నుండి ఒక తమిళ సేవకుడు మన భాష నేర్చుకొని మన మధ్యకు వచ్చారు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానము పొందిన మొదటి భారతీయుడు ఆయన. ఆయన మందలో ఎక్కువమంది భూమి లేని కూలివారు. వారి దగ్గర కానుక అడగడము న్యాయమా అని ఎవరైనా అనవచ్చు. అజరయ్య గారు దీనిని మరియొక విధముగా చూశారు. ఎప్పుడూ పుచ్చుకొనే చేయి దీనత్వమునకు అలవాటు పడుతుంది, పేదవాడు కూడ ఇచ్చినప్పుడే సంఘము తనదని తెలిసికొంటాడు. క్రైస్తవుల దాతృత్వమును గూర్చి ఆయన పుస్తకమే వ్రాశారు.

డబ్బు లేని ఇల్లాలు ఏమి ఇవ్వగలదు? అన్నము వండునప్పుడు ఎసట్లో పోసే బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసింది. ఆదివారము ఆ కుండ గుడికి తెచ్చింది. ఈ పిడికెడు బియ్యము మన సంఘములలో ఎందరి అమ్మమ్మలకో ప్రార్థనవంటిదే. మిజోరాములో కూడ 1910 నుండి స్త్రీలు ఇదే రీతిని సేవ చేశారు.

లెక్క వేసి చూడండి. పిడికెడు యాభై గ్రాములు అనుకొనండి. దినమునకు రెండు పూటలు, నెలకు మూడు కిలోలు. నూరు కుటుంబములు చేస్తే నెలకు మూడు క్వింటాళ్లు! ఒక హాస్టలు పిల్లలకు అన్నము పెట్టే బియ్యమది. ఏ ఇంటిలోనూ ఎవరికీ కడుపు మాడలేదు.

కోతకాల పండుగ కూడ అటువంటిదే. గుమ్మడికాయ, అరటి గెల, కోడిపుంజు, వరి కంకులు బలిపీఠము ముందు పెట్టి, ఆరాధన తరువాత వేలము వేస్తారు. పది రూపాయల గుమ్మడికాయను ఐదువందలకు పాడుకొన్నవాడు మోసపోలేదు, కానుక ఇచ్చాడు. మన బడి ఫుడ్ ఫెస్టివల్ ఈ వేలమునకు చెల్లెలు వంటిది. గారె ధర గారెకు కాదు, బడికి. దేవాలయములో ప్రభువు పడద్రోసిన బల్లలు స్వలాభము కొరకు వేసినవి. ఈ భేదము నిలిచినంతవరకు మీరు నిర్భయముగా కూపను కొనండి.

అయితే ఇంకొక మాట. మన పూర్వికులలో ఒకే ప్రభువును నమ్మినవారు సహితము, మాల మాదిగ అను భేదముతో ఒకే పంక్తిలో కూర్చొనడానికి వెనుదీసిన దినములు ఉన్నవి. అజరయ్య గారు దీనితో పోరాడారు. ఒకే బల్ల, ఒకే పాత్ర అని పట్టుబట్టారు. నేడు మీ బడి ఆవరణలో ఎవరి చేతి వంటనైనా ఎవరైనా అడిగి తింటున్నారంటే, అది ఊరకనే వచ్చినది కాదు. కొందరు కన్నీటితో సంపాదించి పెట్టారు. దానిని పోగొట్టుకొనకండి.

కాబట్టి ప్రియులారా, ఈసారి వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. మీ కొరకు కూపన్లు కొన్నప్పుడు, హాస్టలు బిడ్డ కొరకు ఒకటి అదనముగా కొని చడీచప్పుడు లేకుండా ఉపాధ్యాయురాలి చేతికి ఇవ్వండి. ఆ బిడ్డ అందరితోపాటు అదే వరుసలో నిలబడి కూపను ఇచ్చి తినాలి, ఎవరి దయతో తింటున్నాడో అతనికి తెలియకూడదు. రెండవది, వంట చేసినవారిని వదలి వెళ్లకండి, గిన్నెలు కడగడానికి మీ చేయి కూడ వేయండి. మూడవది, కమిటీ పెద్దలారా, వచ్చినదెంత, ఖర్చెంత, బడికి చేరినదెంత అను లెక్క వచ్చే ఆదివారమే సంఘము ఎదుట చదవండి. లెక్క చెప్పని విందుకు మరుసటి సంవత్సరము జనము రారు.

ఏటికొకసారి జరిగే విందుతో బడి నిలవదు. ఇంటింటా పిడికెడు కుండ తిరిగి లేస్తే నిలుస్తుంది. బియ్యము వేయలేకపోతే దాని వెల వేయండి.

ఐదు రొట్టెలు తెచ్చిన చిన్నవాని కానుకను తృణీకరింపని ప్రభువు మీ వంటయింటి కుండను, మీ బిడ్డల బడిని దీవించును గాక. ఆమేన్.